తవ్విన నేలకు లెక్క

రాత్రివేళ మన ఇండ్లలో దీపము వెలుగుచున్నది. వంటింటిలో మిక్సీ తిరుగుచున్నది. ముందుగదిలో రేడియో మాటలాడుచున్నది. ఈ సౌఖ్యమునకు నెల తిరుగగనే బిల్లు వచ్చును. దానిని చెల్లించి మన ఋణము తీరినదని అనుకొందుము. కాని ఆ బిల్లులో ఎక్కని పద్దు ఒకటి కలదు. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములో ఒక యూనిట్ విద్యుత్తు పుట్టవలెనన్న సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలవలెను. నెలకు రెండు వందల యూనిట్లు వాడు కుటుంబము, ఆ విద్యుత్తంతయు బొగ్గునుండియే వచ్చినదనుకొన్నచో, నెలకు నూట ఇరువది మొదలు నూట నలుబది కిలోల వరకు బొగ్గు కాల్చుచున్నదన్న మాట. ఆ బొగ్గు తీసిన నేల ఏమైనది? ఆ నేల ప్రక్కన కాపురమున్నవారి బావి, చెలక, ఊపిరి ఎట్లున్నవి? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుటకే ప్రభుత్వ యంత్రాంగములో ఒక ఏర్పాటు కలదు. దానిని పర్యావరణ తనిఖీ అందురు. పేరు పొడిగా ఉన్నను పని పొడి పని కాదు. ఆ పనిని గూర్చియే నేడు కొంత విన్నవింపదలచితిమి.

గోదావరీ లోయకు బొగ్గు క్రొత్త కాదు. 1871లో భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉన్నదని కనుగొనెను. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ దానిని తవ్వుకొను హక్కులు పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. నేడు ఆ కంపెనీలో నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమువి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వమువి. చాల కాలము ఇక్కడి బొగ్గు భూగర్భ గనులనుండియే వచ్చెను. గనుల ప్రాంతమువారు వానిని బావులనియే పిలుతురు. 1970ల మధ్యకాలమున రామగుండము వద్ద ఓపెన్‌కాస్టు పద్ధతి, అనగా పైనుండి నేలను తెరచి బొగ్గు తీయు పద్ధతి, ప్రవేశించెను. 2023-24లో సింగరేణి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసినది. అందులో పదింట తొమ్మిది వంతులకు దరిదాపుగా ఓపెన్‌కాస్టు గనులనుండి వచ్చినదే.

ఈ రెండు పద్ధతులకు గల భేదము గృహస్థులకు సులభముగనే తెలియును. భూగర్భ గని ఇంటి తలుపు తీసి, లోనికి పోయి, కావలసిన వస్తువు తెచ్చుకొనుట వంటిది. ఓపెన్‌కాస్టు గని ఇంటి కప్పునే ఊడదీసి ఆ వస్తువును పైకెత్తుట వంటిది. పైనుండి తీయుటలో కార్మికుని ప్రాణమునకు అపాయము తక్కువ, పని త్వరితము, ఖర్చు తక్కువ. ఇవి చిన్న లాభములు కావు. కాని కప్పు ఊడదీసిన వాడు దానిని ఎక్కడనో పెట్టవలెను గదా! ఒక టన్ను బొగ్గు చేతికి రావలెనన్న దానిపైనున్న మట్టిని, ఇసుకరాతిని ఐదారు ఘనపు మీటర్లు, కొన్ని చోట్ల అంతకన్న హెచ్చుగా, తొలగింపవలసి యుండును. గనులవారు దీనిని ఓబీ అందురు. టన్ను బొగ్గుకు రమారమి ఒక లారీ మట్టి యనుకొన్నచో, ఏడు కోట్ల టన్నులకు ఎన్ని లారీల మట్టియో శ్రోతలే లెక్కించుకొనవచ్చును.

ఆ మట్టితో గని ప్రక్కన కొండలవంటి దిబ్బలు లేచును. లోతైన గుంటలోనికి చుట్టుపట్ల నేలలోని నీరు ఊరును; దానిని పంపులతో తోడి బయటికి విడుతురు. డంపర్లు తిరుగు బాటలనుండి దుమ్ము లేచును. రాతిని పగులగొట్టుటకు మందు పేల్తురు, ఇండ్లు అదరును. అమెరికాలోని అప్పలేచియన్ కొండలలో బొగ్గుతోపాటు గంధకము హెచ్చుగా నుండుటచే గనినీరు ఆమ్లమై వాగులను ఎఱ్ఱబరచినది. మన గోండ్వానా బొగ్గులో గంధకము తక్కువగుటచే ఆ పీడ మనకు అంతగా లేదు. మన పీడలు మూడు: ఒండ్రు, దుమ్ము, అడుగంటిన బావి.

ఇంత మార్పు చేయుటకు ఎవరికిని ఊరక సెలవు దొరకదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 2006 సెప్టెంబరు 14న వెలువడిన ప్రకటన ప్రకారము పెద్ద గనికి ముందుగా అనుమతి కావలెను. గనివలన కలుగు మార్పులను అధ్యయనము చేయవలెను. పిదప రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, సాధారణముగా, గని సమీపముననే ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపవలెను. ముప్పది రోజుల ముందు పత్రికలలో ప్రకటింపవలెను. జిల్లా కలెక్టరు గాని, తగిన హోదా గల ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహింపవలెను. సభను వీడియో తీయింపవలెను.

ఆ షామియానా క్రింద ఒక రైతు లేచి, తన బావి ఎండినచో నీరెవరిచ్చెదరని అడుగును. ఒక తల్లి లేచి, బడిగోడ పగిలినచో ఎవరు కట్టించెదరని అడుగును. వేదికపై నున్నవారు బదులు చెప్పుదురు. ఆ ప్రశ్నలు, ఆ బదుళ్ళు, నిపుణుల పరిశీలన అన్నియు కలిసి అనుమతి పత్రములో షరతులుగా వెలయును. కావున ఆ పత్రమును ఊరికి ఇచ్చిన మాటగా భావింపవలెను. ఆ మాట నిలిచినదా లేదా అని చూచుటయే తనిఖీ.

షరతులు అమలైన తీరును గని యాజమాన్యము ఆరు నెలల కొకసారి, జూన్ 1 నాటికి, డిసెంబరు 1 నాటికి, నివేదిక వ్రాసి పంపవలెను. ఈ ఏర్పాటులో ఒక చిక్కు కలదు. విద్యార్థి తన పరీక్ష పత్రమును తానే దిద్దుకొని మార్కులు వేసికొన్నట్లే గదా ఇది! అందుచేతనే కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖవారి ప్రాంతీయ కార్యాలయమునకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి గనికి స్వయముగా వచ్చి చూచు అధికారము ఉంచిరి. తెలంగాణ గనులకు ఆ ప్రాంతీయ కార్యాలయము హైదరాబాదులో నున్నది. గని తన ఉత్పత్తిని పెంచుకొనదలచినచో పాత షరతులను ఎంతవరకు పాటించినదో ప్రాంతీయ కార్యాలయము ధ్రువపరుపవలసి యుండును. కావున తనిఖీ అధికారి వ్రాసిన ఒక్క వాక్యము కోట్ల రూపాయల పనిని నిలుపగలదు. వ్రాయక విడిచిన ఒక్క వాక్యము ఒక ఊరి మంచినీటిని పోగొట్టగలదు.

అట్టి అధికారి గనిలో ఏమి చూచును? మొదట కాగితములు చూచును. అనుమతి పత్రము, గని పటము, దుమ్ము నీరు పరీక్షించిన పట్టికలు, మొక్కలకు చేసిన ఖర్చు. తరువాత కాగితము ప్రక్కన పెట్టి నడువవలెను. మంచి తనిఖీ అంతయు కాళ్ళతోనే జరుగును.

ముందుగా దిబ్బ. దాని మొత్తపు వాలు 28 డిగ్రీలు మించరాదని మన అనుమతి పత్రములలో తరచుగా కనబడు షరతు. దిబ్బను మెట్లు మెట్లుగా పేర్చవలెను. అడుగున రాతిగోడ కట్టవలెను. చుట్టును కాలువ త్రవ్వవలెను. దీనిని గార్లెండు డ్రెయిను అందురు. మాలవలె దిబ్బను చుట్టివచ్చు కాలువ యని అర్థము. వానకు దిబ్బపైనుండి కారిన ఒండ్రు నీరు ఈ కాలువలో పడి, అచటనుండి తేటకుంటలోనికి పోయి, మట్టి అడుగున దిగిన తరువాత పైనీరు అలుగు మీదుగా వాగులోనికి పోవలెను. అధికారి కాలువ వెంట నడచి చూచును. గోడకు బీటలు వారినవా? కాలువ ఎక్కడనైన పూడినదా? దిబ్బ నెత్తిన నీరు నిలిచినదా? మెట్టు అంచున నేల పగిలినదా?

తేటకుంటను గూర్చి కొంచెము ఆగి చెప్పవలెను. చెరువుల నాడు పుట్టి పెరిగిన తెలుగువారికి దీని మర్మము వేరుగా నేర్పనక్కరలేదు. చెరువులో పూడిక పెరిగిన కొలది నీరు తగ్గును. తేటకుంటలో పూడిక పెరిగిన కొలది నీరు నిలుచు వ్యవధి తగ్గును. నిలువని నీరు తేటపడదు. ఆ ప్రాంతపు వానల లెక్కలు ఏబది ఏండ్లవి తీసి, అందులో పెద్దవానకు వచ్చు నీటికంటె మరి సగము హెచ్చుగా పట్టునట్లు కుంట త్రవ్వవలెనని షరతు వ్రాయుదురు. కాని కుంట ఎంత పెద్దదైనను, వైశాఖ జ్యేష్ఠములలో పూడిక తీయనిచో ఆషాఢములో అది పేరునకే కుంట. బయటికి పోవు నీటిలో లీటరునకు 100 మిల్లీగ్రాములకు మించి మట్టి తేలరాదని, నూనె జిడ్డు 10 మిల్లీగ్రాములు మించరాదని, పేలుడు మందునుండి వచ్చు నైట్రేటును నత్రజనిగా లెక్కించి 10 మిల్లీగ్రాములు మించరాదని 2000 సంవత్సరములో బొగ్గుగనులకు నిర్ణయించిరి. లీటరు నీటిలో 100 మిల్లీగ్రాములనగా చిటికెడు మట్టి. ఆ చిటికెడు దాటిన వాగు నెమ్మదిగా దిగువ చెరువును పూడ్చును. పొలముపై పొరగా పేరుకొనును.

మేము కొంత కాలము క్రిందట ఒక గనికి దిగువనున్న పల్లెకు వేసవిలో పోయితిమి. గని పేరు ఇక్కడ అప్రస్తుతము. కుంట గట్టు చక్కగా నున్నది. సున్నము కొట్టిన రాళ్ళు, రంగు వేసిన బోర్డు, నీరు లేని తేటయైన కాలువ. మాతో వచ్చిన ముసలి రైతు అంతయు చూడనిచ్చి, చివరకు, "ఇప్పుడు జూస్తె ఏం గనవడది సారూ, ముసురు వట్టినప్పుడు రాండ్రి" అనెను. ఆ మాటలో తనిఖీ శాస్త్రము సగము కలదు. ఎండలో చూచిన కాలువ సాక్ష్యము చెప్పదు. దిబ్బ ఎట్టిదో, గోడ ఎట్టిదో, కుంట ఎట్టిదో రెండు రోజుల ముసురు తరువాత ఉదయమున వాగుగట్టున నిలిచినవారికే తెలియును. తనిఖీలలో ఒకటియైనను వానకాలమున జరుగవలెనని మా మనవి.

ఇక దుమ్ము. డంపర్లు తిరుగు బాటపై ట్యాంకరు నీరు చల్లుచుండవలెను. బొగ్గు నలుగగొట్టు చోటను, సైడింగువద్దను తుంపరలు పడుచుండవలెను. లారీలపై టార్పాలిను కప్పవలెను. గాలిలోని సన్నని ధూళిని కొలుచుటకు పరికరము పెట్టుదురు. ముందుగా తూచిన వడపోత కాగితము గుండ ఇరువది నాలుగు గంటలు గాలిని పీల్చి, మరల కాగితమును తూతురు. హెచ్చిన బరువే ధూళి. దేశమంతటికి 2009లో నిర్ణయించిన మేర ప్రకారము ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదు. క్రొత్త బొగ్గుగనుల ప్రాంగణములకు 2000 సంవత్సరపు నియమములు 250 వరకు అనుమతించినవి. దానిని దుమ్ము లేచు చోటికి 500 మీటర్ల దూరమున, గాలి వీచు దిక్కున కొలువవలెనని చెప్పినవి.

"గాలి వీచు దిక్కున" అను ఈ చిన్నమాట శ్రోతలు గమనింపవలెను. గాలి పడమటినుండి తూర్పునకు వీచుచుండగా పరికరమును పడమట పెట్టినచో దానిలో అబద్ధమేమియు లేదు. నిజము కూడ లేదు. కాగితము తెల్లగా నుండును, అంకె చిన్నదిగా నుండును, తూర్పున నున్న ఊరు దగ్గుచుండును. అందుచేత మంచి అధికారి అంకె చూచుటకు ముందు పరికరము నిలిపిన చోటు చూచును. అటుపిమ్మట ఊరిలోనికి పోయి చెట్ల ఆకులు చూచును. డాబాపై వడియములు పెట్టిన ఇల్లాలికి ఏ పరికరమును అక్కరలేదు. సాయంత్రము వడియము నలుపెక్కినదా లేదా యన్నదే ఆమె కొలమానము. మేము చూచిన పల్లెలో ఒక ఇల్లాలు వడియములు పెట్టుట మానుకొని మూడేండ్లైనదని చెప్పెను. ఇది ఏ పట్టికలోను ఎక్కదు. కాని పట్టికను సరిచూచుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

పేలుడు సంగతి చూతము. పేలుడువలన నేల అదరుటను సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని కొలుతురు. గనుల భద్రతా డైరెక్టరేటువారు 1997లో హద్దులు ఏర్పరచిరి. గని యాజమాన్యమునకు చెందని మామూలు ఇండ్లవద్ద, అదురు నెమ్మదిగా, అనగా సెకనుకు ఎనిమిది మారులకు లోపుగా ఊగునదైనచో 5 మిల్లీమీటర్లు మించరాదు. ఎనిమిది మొదలు ఇరువది అయిదు వరకైనచో 10. అంతకు పైబడినచో 15. నెమ్మదియైన ఊపునకు హద్దును తగ్గించుటకు కారణము కలదు. ఉయ్యెలను దాని ఊపునకు సరిపడ తట్టినచో చిన్న త్రోపునకే పైకి పోవును. ఇల్లును అంతే, తన ఊపునకు దగ్గరైన అదురునకు హెచ్చుగా కదలును. కొలుచు యంత్రమును గని కార్యాలయములో గాక ఊరి చివరి ఇంటి పునాదివద్ద పెట్టినదా యని చూచుట అధికారి పని.

నీటి సంగతి మరింత సున్నితమైనది. గని గుంట చుట్టుపట్ల నేలలోని నీటిని తనవైపు లాగుకొనును. ఎంత దూరము లాగునో నేల స్వభావమునుబట్టి యుండును. అందుచేత చుట్టుప్రక్కల బావులలోను, ప్రత్యేకముగా వేసిన కొలత బోర్లలోను ఏటికి నాలుగు మారులు, అనగా మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలలలో, నీటిమట్టము కొలువవలెనని షరతు. చేదబావులు వాడిన నాడు ఆడువారు ఈ లెక్కను తాటితోనే చూచెడివారు. తాటికి ఎన్ని మూరలు అతికిరో అన్ని మూరలు నీరు దిగినదని అర్థము. నేడు బోరులో ఎన్ని పైపులు దించిరో అదియే లెక్క. బావులు ఎండినచో నీరిచ్చు బాధ్యత గనిదే. గనినుండి తోడిన నీటిని తేటపరచి చెరువులకు, పొలములకు మళ్ళించిన చోట్లు కూడ ఉన్నవి. అచట రైతు రెండవ పంట పెట్టుకొనుటయు కలదు. నష్టమును చెప్పిన నోటితోనే దీనిని కూడ చెప్పుట న్యాయము.

ఇంతటి చిన్న చిన్న సంగతులకు ఇంత పట్టుదల ఏల యని ఎవరైన అడుగవచ్చును. చరిత్ర దానికి జవాబు చెప్పినది. బ్రిటనులోని వేల్సు దేశమున ఆబర్‌ఫాన్ అను గనుల ఊరు కలదు. ఆ ఊరి పైనున్న కొండవాలుపై, నీటి ఊటలున్న చోట, గని వ్యర్థములను దిబ్బగా పోసిరి. ఆ దిబ్బవలన బడికి ప్రమాదమని 1963లోనే స్థానికాధికారులు ఉత్తరములు వ్రాసిరి. 1966 అక్టోబరు 21 ఉదయమున, బడి మొదలైన కొలది సేపటికి, దిబ్బ జారి ఊరిపై పడెను. 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు. దిబ్బల భద్రతకు ప్రత్యేక చట్టము 1969లో వచ్చెను. ఉత్తరములు ముందే వచ్చినవి; చట్టము తరువాత వచ్చినది.

అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున బఫెలో క్రీక్ అను లోయలో బొగ్గు వ్యర్థములతో కట్టిన ఆనకట్ట 1972 ఫిబ్రవరి 26న తెగి 125 మందిని పొట్టనబెట్టుకొన్నది. దానికి నాలుగు రోజుల ముందు ఒక తనిఖీ అధికారి దానిని చూచి సంతృప్తికరముగా నున్నదని చెప్పియుండెను. మన దేశముననే, ఝార్ఖండులోని రాజమహల్ ఓపెన్‌కాస్టు గనిలో 2016 డిసెంబరు 29 రాత్రి మట్టిదిబ్బ కూలి 23 మంది కార్మికులు అసువులు బాసిరి. అంచున పగిలిన నేల, పూడిన కాలువ, నిలిచిన నీరు, చదువక ప్రక్కన పెట్టిన ఉత్తరము, ఇవి చిన్న సంగతులని ఎవరనగలరు?

అమెరికావారు 1977 ఆగస్టు 3న ఉపరితల గనుల చట్టమును అమలులోనికి తెచ్చిరి. అందులో మనము గమనింపదగిన ఏర్పాట్లు రెండు కలవు. ప్రతి గనిని సగటున నెలకొకసారి కొంతగను, మూడు నెలల కొకసారి పూర్తిగను తనిఖీ చేయవలెను. అదియు ముందుగా కబురు చేయక, క్రమము లేని వేళలలో పోవలెను. రెండవది, ఒక పౌరుని ఫిర్యాదుపై తనిఖీ జరిగినచో ఆ పౌరుడు అధికారి వెంట గనిలోనికి పోవుటకు హక్కు కలదు. ఈ రెండవ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. ముసురునాడు రమ్మన్న ముసలి రైతు అధికారి ప్రక్కన నడచినచో ఏ మలుపున ఆగవలెనో చెప్పగలడు. అధికారికి శాస్త్రము తెలియును. రైతుకు ఆ నేల తెలియును.

గని యాజమాన్యమును శత్రువుగా చూపుట మా ఉద్దేశము కాదు. ఆ గనులలో వేలాది కుటుంబములకు అన్నము దొరకుచున్నది. దుమ్మును మొదట పీల్చువారు డంపరు నడుపు కార్మికులే. కంపెనీలోని పర్యావరణాధికారులలో నిజముగా శ్రద్ధ గలవారు కలరు; పై అధికారి ఉత్పత్తి లెక్క అడుగునపుడు తమ కుంట పూడిక సంగతి ఎత్తుటకు వారికి ధైర్యము కావలెను. బయటినుండి వచ్చిన తనిఖీ నివేదిక వారి చేతికి బలమిచ్చును. నిక్కచ్చియైన తనిఖీ మంచి ఉద్యోగికి అండ. దానికి జంకవలసినవాడు పని ఎగవేయువాడే.

మరి ఊరివారు ఏమి చేయగలరు? అనుమతి వచ్చిన ఏడు రోజులలో ఆ సంగతి రెండు పత్రికలలో, ఒకటి స్థానిక భాషాపత్రికగా, ప్రకటింపవలెనని నియమము. అనుమతి పత్రము ప్రతి పంచాయతీకి కూడ అందవలెను. ఆరు నెలల నివేదికలు రహస్య పత్రములు కావు, ఎవరైనను చూడవచ్చును. చూపనన్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. వానిలో చాలభాగము ఇంగ్లీషులో నుండుట నిజముగా లోపమే. ఊరికి ఇచ్చిన మాటను ఊరికి తెలియని భాషలో వ్రాసి ఉంచుట ఏమి మర్యాద? షరతులను, నివేదికల సారమును తెలుగులో అచ్చువేసి పంచాయతీ గోడకు అంటించుట గొప్ప ఖర్చుతో కూడిన పని కాదు. ఊరి బడిలో చదువుకొన్న పిల్లలు ఒక నోటుపుస్తకము పెట్టి, పేలుడు జరిగిన వేళ, బోరు నీటిమట్టము, వాగునీటి రంగు తేదీలతో వ్రాసియుంచినచో, అధికారి వచ్చిననాడు అది వంద నినాదములకు మించిన సాక్ష్యమగును.

చివరి మాట గని మూతను గూర్చినది. బొగ్గు అయిపోయిన తరువాత కంపెనీ వెడలిపోవును. ఊరు అచటనే యుండును. అందుచేత 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ ప్రతి గనికి మూసివేత ప్రణాళిక ఉండవలెనని, ఓపెన్‌కాస్టు గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున, ధరల పెరుగుదలనుబట్టి హెచ్చించుచు, ప్రత్యేకమైన ఖాతాలో సొమ్ము జమ చేయవలెనని నిర్ణయించెను. తరువాత ఆ నియమములను సవరించుచు వచ్చిరి. గుంటను వెనుకటి మట్టితో పూడ్చవలెను. మిగిలిన గుంట 40 మీటర్లకు మించి లోతుండరాదని కొన్ని అనుమతులలో షరతు. దానిపైన పైమన్ను పరచి మొక్కలు నాటవలెను. ఇక్కడ తొలినాటి తనిఖీ గుర్తుకు రావలెను. నేల పైపొరలోని జానెడు మన్ను తయారగుటకు ప్రకృతికి చాల దీర్ఘకాలము పట్టును. గని తెరచిననాడే దానిని వేరుగా తీసి, వేరుగా కుప్పవేసి, ఎండిపోక కాపాడినచో ముప్పది ఏండ్ల పిమ్మట మొక్క నిలుచును. మొదటిరోజు దానిని ఇసుకరాతితో కలిపి దిబ్బలో పడవైచినచో, ఎన్ని కోట్లు ఖాతాలో నున్నను ఆ మన్నును మరల కొనలేము. కావున మూసివేత తనిఖీ గని తెరచిన రోజుననే మొదలగును.

మనమందరము విద్యుత్తు వాడుచున్నాము. ఇంకను చాలకాలము దానిలో బొగ్గు పాలు ఉండును. ఆ పాలు ఉన్నంతవరకు గని అంచున నున్న ఊరికి ఇచ్చిన మాటలో మన పూచీ కూడ కలదు. గనుల ప్రాంతపు శ్రోతలు తమ ఇంటి క్యాలెండరులో జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు గుర్తు పెట్టుకొనవలెనని కోరుచున్నాము. ఆ రెండు తేదీలు దాటిన వారములో పంచాయతీ కార్యాలయమునకు పోయి నివేదిక వచ్చినదా యని అడుగుడు. మొదటిసారి అడిగినపుడు గుమాస్తా వింతగా చూడవచ్చును. రెండవసారి వెదకి చెప్పును. మూడవసారి మీరు అడుగకముందే తీసి యుంచును.